పంపులో ఇరుక్కున్న ముక్క

భార్య కోమల పోయాక డేవిడ్ ఆటో టార్పాలిన్ పట్టా కింద, ఇంటి ముందే ఉండిపోయింది. దేవరకొండ చుట్టుపక్కల చేలకు కూలీలను చేరవేసే డీజిల్ ఆటో అది. పత్తిచేలో పాము కరిచిన కోమలను అందులోనే దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలో ఇంజన్ పట్టేసింది. మరో బండి దొరికేసరికి ఆలస్యమైపోయింది.

ఆ రోజు కోమల తల్లి బిక్షమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఆయిల్ చూసుకోలేదా, బిడ్డా?"

చూశాడో లేదో డేవిడ్‌కు గుర్తు రాలేదు. "చూడలేదత్తా" అన్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. అల్లుడి ఇంట్లోనే ఉండి వేళకు వండిపెట్టేది. అతను తినేవాడు. చర్చికి రమ్మంటే వెళ్లి కూర్చునేవాడు. ఏడుపు రాలేదు. రాలేదన్న బాధ కూడా లేదు.

పత్తి తీతలు మొదలయ్యాక కూలీలు బండి కోసం అడగసాగారు. పాత ఇంజన్ ఇక పనికిరాదని తేలడంతో డేవిడ్ సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకొని, ఇంటి ముందు రేకుల కిందే మార్చడం మొదలుపెట్టాడు. పాతదాన్ని దించి గోనెసంచుల మీద పెట్టాడు. ఆయిల్ పంపు స్పేర్‌గా ఉంటుందని విప్పుతుంటే పక్క రంధ్రంలో వేలి కణుపంత ఇనుప ముక్క, దాని వెనక స్ప్రింగ్ కనిపించాయి. లాగితే రాలేదు. ప్లయర్‌తో పట్టి తిప్పితిప్పి తీశాడు.

ఇన్నేళ్లు బండి నడిపినా అదేమిటో అతనికి తెలియదు. తెచ్చిన ఇంజన్‌కు పైన ఎక్కడా అలాంటిది కనిపించలేదు. అమ్మినవాడు తీసేసి ఇచ్చాడేమో! ముక్కను బట్టలో చుట్టుకొని దేవరకొండలో మెకానిక్ బీరప్ప దగ్గరికి వెళ్లాడు.

బీరప్ప దాన్ని వెలుగులోకి పట్టి చూశాడు. "వాల్వు తమ్మీ గిది. అన్ని ఇంజన్లల్ల ఉంటది, లోపల. ఆయిల్ జోరెక్కువైతే తెరుసుకోని, తగ్గంగనే మూసుకుంటది." గోటితో ముక్క అంచు గీకాడు. సన్నటి ఇనుప పొట్టు ఊడింది. "గిదడ్డం వడి తెరుసుకునే ఉండిపోయింది. ఆయిలంత కిందికే వోయింది."

"ఆయిల్ లేకనే పట్టేసిందనుకున్నన్నా."

"ఆయిల్ దించినప్పుడు ఎంత వచ్చింది?"

"బేసిన్ నిండ వచ్చింది."

"మరింకేంది? ఆయిలున్నది. పైకెక్కలేదు. నువ్వు చూసినా గిది దొరికేటిది కాదు."

డేవిడ్ తలూపి, ముక్కను జేబులో వేసుకున్నాడు. దారి పొడవునా గుండె తేలికవుతుందేమోనని చూశాడు. ఏమీ కాలేదు.

ఇంటికొచ్చి బిక్షమ్మకు చెప్పాడు. ఆమె చేతిలోని చేట కింద పెట్టింది.

"నేను గామాట అడగకపోయుంటే బాగుండు, బిడ్డా."

"అడిగితే ఏమైందత్తా."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది. అతను ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె ఏడుపు ఆగాక లేచి, మిగిలిన బోల్టులు బిగించాడు. సాయంత్రానికి ఇంజన్ స్టార్టయింది. చప్పుడు సాఫీగానే ఉంది.

తెల్లారి కూలీలు ఎక్కారు. బిక్షమ్మ కూడా సద్దిమూట పట్టుకొని వచ్చి వాళ్ల మధ్య సర్దుకుంది. కూతురు పోయాక ఆమె పత్తికి వెళ్లడం అదే మొదలు.

"కూసున్నవా, అత్తా?"

"కూసున్న. పోనియ్యి."

డేవిడ్ గేరు వేశాడు.