ముల్లు లేని పసుపు పువ్వు

నా చిన్నప్పుడు మేము అమెరికాలోని నెవాడాలో, ఎడారి అంచున ఒక ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి తెలుగువాళ్లంటే మేమూ, కాకినాడ కాలేజీలో బోటనీ చెప్పి వచ్చిన ఒక ఆంటీ వాళ్లూ. అమ్మ నోరారా మాట్లాడుకునేది ఆవిడతోనే. నాన్నతో మాట్లాడదా అనకండి, ఆయన ఇంట్లో ఉంటేగా!

ఒక ఏప్రిల్ ఆదివారం పులిహోర కట్టుకుని, ఆంటీతో కలిసి ఆవిడ కారులో ఎడారి చూడ్డానికి వెళ్లాం. గడ్డి కూడా మొలవని తెల్లటి సుద్దనేల మీద, పసుపు పువ్వులతో ఒక మొక్క కనిపించింది. అమ్మ కారు దిగుతూనే కేకేసింది.

"బ్రహ్మదండి! మా చేలగట్ల మీద పువ్వే!"

చిన్నప్పుడు అమ్మ బడికి వెళ్తుంటే కాళ్లు గీరేసిన ముళ్లమొక్క అది. మా అమ్మమ్మగారి ఊళ్లో ఎవరూ కన్నెత్తి చూడని ఆ పిచ్చిమొక్కను పెరట్లో పెట్టుకుంటానని, ఆంటీ కారులో ఉన్న చిన్న పార అందుకుంది అమ్మ.

ఆంటీ వద్దనలేదు. నేల పైపొర చిట్లకుండా రాళ్ల మీదే అడుగులు వేయిస్తూ మమ్మల్ని మొక్క దగ్గరికి తీసుకెళ్లింది.

"కళ్లు మూసుకుని ఒక్క ఆకు ముట్టుకో వదినా," అంది.

గుచ్చుకుంటుందని అమ్మ పళ్లు బిగబట్టి, నవ్వుతూనే చెయ్యి చాపింది. ఆకు నిండా మెత్తటి నూగు.

"ముల్లు లేదేంటి?" అంది. ఇంకోసారి తడిమింది. అంతే, పక్కనున్న రాయి మీద కూలబడి ఏడ్చేసింది.

ఆంటీ ఆమె పక్కనే కూర్చుంది. ఇది చాలా అరుదైన పువ్వనీ, ఈ జిప్సం నేలలో తప్ప బతకదనీ, తవ్వి తీసుకెళ్తే ఎండిపోతుందనీ మెల్లగా చెప్పింది. పువ్వొక్కటే చూసి పేరు పెట్టకు, ఆకు చూడు, నేల చూడు అని నాకూ చెప్పింది. అమ్మ పార తిరిగి ఇచ్చేసింది. ఇంటికొచ్చే దారి పొడుగునా, బ్రహ్మదండి తనను ఎక్కడెక్కడ గీరిందో ముచ్చటగా చెబుతూనే ఉంది.

ఆంటీ చలవ వల్ల మొక్కల్ని గుర్తుపట్టడం నాకు బాగానే అబ్బింది. ఆ సుద్దనేల మీద ఇప్పుడు ఇళ్లు లేచాయి. అమ్మ లేదు. ఈ వయసులోనూ ఆమె కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఇండియా నుంచి కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, ఇంటి మీద బెంగగా ఉందంటే, అక్కడ ఏం బాగుండేదని నేను అడగను. ఏం విసిగించేదని అడుగుతాను. దోమలు, కరెంటు కోతలు, పక్కింటివాళ్ల ఆరాలు... కంచంలో అన్నం చల్లారిపోతున్నా వాళ్లు చెప్పడం ఆపరు.