తుర్గున్‌బాయ్ బల్ల

రిష్తాన్ ఊరి కుమ్మరివాడలో తుర్గున్‌బాయ్ పళ్ళేల మీద వేసే నీలిపూలకు వంక పెట్టినవాడు లేడు. ఆయన బల్లకు మాత్రం ఒకచోట నిలకడ లేదు. కుంచె మొరాయించిందంటే చాలు, "ఇక్కడ చెయ్యి నిద్రపోతోంది" అని బల్ల నెత్తిన పెట్టుకుని ఇంకోచోటుకు బయల్దేరేవాడు.

మల్బరీ చెట్టు కింద వేస్తే నీడ కదులుతోందనేవాడు. కొట్టంలో వేస్తే నీడ కదలడం లేదనేవాడు. ఒకసారి కోళ్ళగూటి ముందు వారం కూర్చున్నాడు. ఆ వారం పళ్ళేల మీద పక్షులన్నీ కోపంగా వచ్చాయి. భార్య హోసియత్ వాటిని తనకు పడని బంధువులకు పంచిపెట్టింది.

ఈసారి మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. చెల్లెలి కూతురి పెళ్ళికి నలభై పళ్ళేలు ఇస్తానని మాటిచ్చింది తనే. గురువారం ఆవం కాలుస్తారు. సోమవారానికి పదకొండే అయ్యాయి. ఆ పొద్దునే ఈయన పక్కింటి ఓయిమ్‌ఖాన్ ముంగిట్లోకి మకాం మార్చాడు. పైగా వేడి రొట్టె వాసన తగలందే కుంచె కదలదన్నాడు.

"మనింట్లో రొట్టె లేదా?" అని గోడ మీంచి అడిగింది హోసియత్.

"నీ రొట్టె ముక్కుకు అలవాటైపోయింది" అన్నాడాయన.

రెండు రోజులు పళ్ళు కొరుక్కుంది. బుధవారం బల్ల లాక్కొచ్చేద్దామని వెళ్ళి, వాకిట్లోనే ఆగిపోయింది.

వసంతంలో భర్త పోయాక ఓయిమ్‌ఖాన్ తందూరు వెలిగించలేదు. ఒక్కదాని కోసం ఎందుకని టీ నీళ్ళతోనే గడిపేది. ఇరుగుపొరుగు పంపిన రొట్టెలు అరలోనే ఎండిపోయేవి. కానీ ముంగిట్లో అతిథి కూర్చుంటే రొట్టె కాల్చకుండా ఎలా? ఇప్పుడామె మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది.

"ఉప్పు తగ్గింది, అక్కా" అన్నాడు తుర్గున్‌బాయ్.

ఆమె రొట్టె తుంచి నమిలింది. "సరిగ్గానే ఉంది కదయ్యా."

"ఆ అంచున చూడు."

ఆమె అంచూ తిని చూసింది. గోడ వెంట ముప్పై ఆరు పళ్ళేలు ఆరుతున్నాయి. ఈసారి పక్షులు కడుపు నిండినట్టున్నాయి. హోసియత్‌కు తన కోపమంతా తలుచుకుంటే సిగ్గేసింది. వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, నిజమే, ఉప్పు తగ్గిందంది. ఓయిమ్‌ఖాన్ విసుక్కుంటూ మళ్ళీ పిండి కలిపింది.

గురువారం నలభై పళ్ళేలూ ఆవంలోకి చేరాయి. శుక్రవారం ఎవరూ అడక్కుండానే ఓయిమ్‌ఖాన్ తందూరు రాజేసింది. ఆ పొగ చూడగానే, చెయ్యి నిద్రపోతోందంటూ తుర్గున్‌బాయ్ బల్ల లేపాడు.

హోసియత్ రెండో కొస పట్టుకుంది. "ఈసారి ఎవరింట్లో ఉప్పు తగ్గిందో చెప్పండి" అంది.