నలభై అడుగుల పాట

మా తాత దాసు అంబాసిడర్ నడుపుతుంటే పాలక్యాన్ల సైకిళ్లు దాటిపోయేవి. నేను కల్పించి చెప్పడం లేదు, వెనక సీట్లో కూర్చుని లెక్కపెట్టాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినా అంతవరకు లెక్క వచ్చు. బోధన్ బస్టాండు దగ్గర అద్దెకార్ల డ్రైవర్లు ఆయనను "ఎడ్లబండి దాసు" అనేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఒక్క కోడిపిల్లనైనా తొక్కలేదని ఆయన గొప్ప. ఆ కోడిపిల్ల పెరిగి గుడ్డు పెట్టి పక్కకు జరిగేదాకా ఆగేవాడని నా అనుమానం.

రెండు వేల ఆరులో, చెరుకు ఆడే రోజుల్లో, మా వీధి చివరి రైతు భోజన్న కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లి అబ్బాయి ఊరు వేల్పూర్‌లో. మూడు కార్లు మాట్లాడారు. చిక్కంతా భోజన్న తల్లి హన్మవ్వతో వచ్చింది. అంతకుముందు ఏడు వేరే పెళ్లికి పోతుంటే డ్రైవర్లిద్దరు పందెం వేసుకున్నారు. ఆమె ఎక్కిన జీపు చెరుకుతోటలోకి దూసుకుపోయి ఆమె కాలు విరిగింది. అప్పటి నుంచి ఆమె కారు తలుపు ముట్టలేదు.

"నేను రాను. మీరు పోన్రి. పెండ్లి ఫొటోల సూస్త," అని మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మా తాత ఆ మంచం పక్కనే కింద కూర్చున్నాడు. "అక్కా, నా బండి ఎక్కు. మెల్లగ తోల్కపోత."

"నువ్వు మెల్లగనే పోతవ్, నాకెర్కే. నీ బండ్ల నిద్ర పోవచ్చు. కని పిల్లనేమో ఆ వెంకటిగాని బండ్ల కూసోవెడుతుండ్రు. ఆడు ఉరికిస్తే నా పానం ఆడనే పోతది."

వెంకటిది కొత్త సుమో. పాతికేళ్లవాడు, బ్రేకు కన్నా హారన్ ఎక్కువ వాడేవాడు.

"మూడు బండ్లు ఒక్క తీరుగ పోతయి," అన్నాడు తాత. "ఒక్కటి ఉరికినా రేపటి సంది నేను స్టీరింగ్ ముట్ట."

హన్మవ్వ ఇటు తిరిగి ఆయన ముఖం చూసింది. "మాటేనా?"

"మాటే."

మాట ఇచ్చి వచ్చాడు కానీ ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. తెల్లారి వెంకటిని బతిమాలితే వాడు పగలబడి నవ్వాడు. "దాసు తాతా, నీ లెక్కన పోతే పెండ్లికి కాదు, బారసాలకు చేరుకుంటం!"

అప్పుడే మా మేనమామ లాజరు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. తాతకు అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చాడు. దానికి తోడు ఇంకో చిన్న పరికరం. సిగరెట్ ముట్టించే రంధ్రంలో దాన్ని గుచ్చి, ప్లేయర్ తగిలించి, బండి రేడియోలో స్టేషన్ లేని ఖాళీ నంబరు పెడితే అందులో పాట వస్తుంది. తాత బస్టాండు దగ్గర దాన్ని పెట్టి చూస్తుంటే పక్క బండిలోంచి వెంకటి దిగి వచ్చాడు.

"తాతా, నీ పాట నా రేడియోల మోగుతుందేందే?"

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. మా తాత పాట పెట్టి ఉంచి, వెంకటి బండిని మెల్లగా వెనక్కి జరిపిస్తూ పక్కనే అడుగులు వేసుకుంటూ నడిచాడు. నలభై అడుగుల దాకా పాట, దాటితే సొయ్యిమని చప్పుడు. మళ్లీ ముందువైపు జరిపించాడు. అక్కడా నలభయ్యే. బస్టాండు జనమంతా ఆయనకు మతి పోయిందనుకున్నారు. నేనూ అనుకున్నాను.

పెళ్లిరోజు పొద్దున ఆయన తన బండిని ముందు పెట్టలేదు, నడుమ పెట్టాడు. ముందు వెంకటి సుమో, వెనక మూడో డ్రైవరు రాజనర్సు జీపు. మూడు రేడియోలకూ ఒకటే నంబరు. హన్మవ్వ మా బానెట్‌కు పసుపు, కుంకుమ పెట్టింది. తాత స్టీరింగ్ మీద తల ఆనించి ప్రార్థన చేసుకున్నాడు. రెండూ అయ్యాక కదిలాం.

బోధన్ దాటగానే మూడు బండ్లలోనూ ఒకటే పాట, ఒకటే చప్పట్లు. నడుమ ఒక చర్చి పాట కూడా వచ్చింది, దానికీ చప్పట్లు ఆగలేదు. వెంకటి రెండుసార్లు వేగం పెంచాడు. పాట గరగరమంది. సుమోలో భోజన్న చెల్లెలు తారాబాయి వాడి వీపు మీద చరచడం మాకు దాని వెనక అద్దంలోంచి కనబడింది. సుమో వెనక్కి తగ్గింది. వాడికి అడ్డం మా తాత కాదు, ఆరుగురు ఆడవాళ్లు.

ఎడపల్లి దగ్గరికి వచ్చేసరికి చెరుకు ట్రాక్టరు ఒకటి పొలం బాటలోంచి రోడ్డెక్కి, రెండు ట్రాలీలతో సరిగ్గా మాకూ సుమోకూ మధ్య అడ్డం తిరిగింది. తాత బ్రేకు వేశాడు. సుమో మలుపు తిరిగి చెరుకు వెనక మాయమైంది. అటువైపు నుంచి ఏదో బండి హారన్ కొట్టుకుంటూ ఉరికిన చప్పుడు.

హన్మవ్వ తాత భుజం పట్టుకుంది. "పోయిండ్రా దాసు! పందెం పెట్టుకున్నడు!"

తాత ప్లేయర్ మీద మీట నొక్కి పాటను ఆపేశాడు. ఆయన మెడ మీద చెమట కనబడింది నాకు. ట్రాక్టరు తిరగడానికి పట్టినంత సేపూ బండిలో గాలి ఆడలేదు.

మలుపు తిరిగాం. సుమో రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆడవాళ్లంతా దిగి వెంకటి చుట్టూ నిలబడ్డారు. పెళ్లికూతురు కూడా కిటికీలోంచి వేలు చూపిస్తోంది.

"పాటను సగంల తెంపుకొస్తవార? ఇప్పుడే మంచి ముక్క వస్తుండె!" అని తారాబాయి అరుస్తోంది.

"ఆ బండోడు దాటిండక్కా, అందుకే..."

"ఆడు దాటితే దాటనీ. ఆని బండ్ల మన పాట ఉన్నదా?"

మేం దగ్గరికి రాగానే తాత మీట నొక్కాడు. ఎక్కడ ఆగిందో ఆ ముక్క దగ్గరే పాట అందుకుంది. ఆడవాళ్లు కేక పెట్టి బండెక్కారు. వెంకటి నోరు తెరిచి మా తాతను చూశాడు. ఆయన రోడ్డును చూస్తున్నాడు.

వేల్పూర్ పందిరి ముందు మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ముహూర్తానికి ఇంకా అరగంట ఉంది. హన్మవ్వ కొడుకు చెయ్యి పట్టుకుని కుంటుతూ వెళ్లి పీటల ఎదురుగా ముందు వరసలో కూర్చుంది. అక్షింతలు అందరికన్నా గట్టిగా విసిరింది.

సాయంత్రం తిరుగు ప్రయాణం. అమ్మాయి అత్తింట్లో ఉండిపోయింది కాబట్టి సుమోలో ముందు సీటు ఖాళీ. హన్మవ్వ మా అంబాసిడర్ దాటి తిన్నగా అటు నడిచింది.

"ఒరే దాసు, నేను వెంకటి బండ్ల వస్త. నీ బండ్లకెళ్లి ఆని బండి వీపు తప్ప ఏం కనిపిస్తలేదు."

"గింత చేస్తే నన్నే ఇడిచిపెడుతున్నవా అక్కా!" అన్నాడు తాత. ముఖంలో మాత్రం నవ్వు దాగడం లేదు. వెంకటి సీటు మీది పూలరేకులు దులిపాడు. తాత ఆమెను చెయ్యి పట్టి ఎక్కించి, విరిగిన కాలు లోపలికి సరిగ్గా జరిగిందో లేదో వంగి చూసి, అప్పుడు తలుపు వేశాడు.