విమానానికి అడ్డంపడిన పెట్టె

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కుమారి టిఫిన్ బండి తెలియనివాళ్ళు తక్కువ. ఆ బండికి పప్పు రుబ్బేదీ, పెసరట్టుకి అల్లం తరిగేదీ, గిన్నెలు తోమేదీ ఆమె భర్త నరసింగరావే. బండి దగ్గర మాత్రం నిలబడడు. నిలబడ్డాడంటే పాత బస్సువాళ్ళెవరో ఒకరు వచ్చి, "ఏటి నరసింగూ, స్టీరింగు ఒగ్గేసి గరిటట్టుకున్నావా?" అంటారు. ఆ మాట అతనికి పడదు.

ఇరవై ఏళ్ళకు పైగా అతను ఒక మందుల కంపెనీ స్టాఫ్ బస్సు నడిపాడు. తన సీటు వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని పెద్దక్షరాలతో రాయించుకున్నాడు. మిగతా బస్సుల్లో ఆ మాట అలంకారానికి ఉంటుంది. అతని బస్సులో అది చట్టం. ఒకసారి మేనేజరే పక్కకొచ్చి నిలబడి ఏదో అడగబోతే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "దిగినాక మాటాడుకుందాం సార్, కూకోండి" అన్నాడు. మేనేజరు వెళ్ళి కూర్చున్నాడు.

ఓ ఏడాది కంపెనీలో కంటి పరీక్షలు పెట్టారు. డాక్టరు రంగుచుక్కల బొమ్మ చూపించి ఇందులో అంకె ఏమిటన్నాడు. నరసింగరావుకి చుక్కలు కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. పేజీ తిప్పితే అందులోనూ చుక్కలే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తన కంటికి ఆనదని అతనికి లోలోపల ఎప్పటినుంచో తెలుసు. సిగ్నల్లో పైది వెలిగితే ఆగడం, కిందది వెలిగితే కదలడం, అలాగే నెట్టుకొచ్చాడు. ఒక్కనాడూ బస్సుకి గీత పడలేదు. అయినా స్టీరింగు తీసేసుకుని గేటు దగ్గర కుర్చీ వేశారు. కొన్నాళ్ళు కూర్చుని, మానేసి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత అతను ఎవరినీ ఏ వస్తువు రంగూ అడగలేదు. కుమారి చీరలు కొనుక్కోడానికి రమ్మంటే తలనొప్పి అనేవాడు. మేనమామ కూతురు కావడంతో చిన్నప్పటినుంచీ అతని మొండితనం ఎరిగిందే, ఆమె కూడా రెట్టించేది కాదు.

అలా ఇంట్లో ముడుచుకుపోతున్న మనిషిని మళ్ళీ లేపింది విమానం ఆట. కుమారి తమ్ముడు వెంకీ శ్రీకాకుళంలో నడిపిన గేమ్స్ సెంటర్ మూసేస్తూ, ఒక మంచి కంప్యూటరూ, జాయ్‌స్టిక్ అనే విమానం తోలే చేతికర్రా తెచ్చి బావకిచ్చి పోయాడు. నెట్‌లో ఆడే ఆట అది. భూమి మొత్తం అందులో ఉంది. మొదటిసారి విశాఖలో లేచి తీరం వెంట పైకొస్తూ, నాగావళి వంపు తిరిగేచోట అరసవల్లి చూసినప్పుడు నరసింగరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆ రోజు అతను అన్నం తింటూ నవ్వాడు. కుమారి అది చూసి ఇంకో గరిటె పులుసు వేసింది.

ఆటలో తనలాంటివాళ్ళే కొందరు కలిశారు. ఒడిశావాళ్ళూ, విజయనగరంవాళ్ళూ, కేరళవాళ్ళూ. అందరూ ఒకేసారి లేచి బారుగా ఎగురుతారు. అతను అక్కడ 'స్టాఫ్ బస్సు' అనే పేరు పెట్టుకున్నాడు. దింపితే ఒక్క కుదుపు కూడా ఉండదని ఆ పేరుకి కొద్ది నెలల్లోనే గౌరవం వచ్చింది.

అప్పుడు మొదలైంది ఆ పెట్టె.

విమానం చక్కగా పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి అద్దం నడిమధ్యన, చాపంత తెల్లపెట్టె తెరుచుకుంటుంది. అందులోది ఇంగ్లీషే గానీ మన మాటల్లో చెప్పుకుంటే ఇది: 'అయ్యో! ఏదో పొరపాటు జరిగింది. మీ ఇంటర్నెట్ ఒకసారి సరిచూసుకోండి.' కింద రెండు మీటలు. 'మళ్ళీ ప్రయత్నించు' నొక్కితే ప్రయాణమంతా పోయి మొదటికి తీసుకుపోతుంది. 'సరే' నొక్కితే పెట్టె మూసుకుంటుంది, ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ తెరుచుకుంటుంది. వెనకాల విమానం ఎగురుతూనే ఉంటుంది, ఇంజను మోగుతూనే ఉంటుంది. చూపుకే అడ్డం. అది కూడా ఎక్కువగా దిగేటప్పుడే, అందరూ ఒకే రన్‌వే మీదికి చేరేటప్పుడు.

నరసింగరావుకి కోపం కంటే ముందు రోత పుట్టింది. ముఖ్యంగా ఆ 'అయ్యో' అంటే. మన కాలు తొక్కి, "అయ్యో, నీ కాలు నువ్వు సూసుకోవద్దేటి?" అని నవ్వే మనిషిని చూసినట్టుండేది. నడుస్తున్న బస్సు అద్దానికి ఎవడైనా బల్ల తెచ్చి అడ్డంపెడతాడా? పెట్టి, డ్రైవరుదే తప్పంటాడా?

ఆట కంపెనీవాళ్ళ సహాయం పేజీలో ఒక సంగతి రాసి ఉంది. పెట్టె మూలన చిన్న చుక్క వెలుగుతుంది. అది ఎర్రగా ఉంటే మీ ఇంటి లైను తెగినట్టు. ఆకుపచ్చగా ఉంటే మీ లైను బాగున్నట్టు, ఇబ్బంది మా వైపున్నట్టు. నరసింగరావు ఆ చుక్కకేసి చాలాసేపు చూశాడు. అతనికది బురదరంగులో ఉంది. పెట్టె మాత్రం 'మీ ఇంటర్నెట్' అంటోంది. అయితే ఎరుపే అయ్యుంటుందనుకున్నాడు. పక్కగదిలో కుమారి ఉంది. పిలిచి అడిగితే క్షణంలో తేలిపోయేది. పిలవలేదు.

పిలవకుండా పేటలో నెట్ లైన్లు వేసే ధనరాజ్ మీద పడ్డాడు. ధనరాజ్ వచ్చి వైరు మార్చాడు. పెట్టె వచ్చింది. రూటరు మార్చాడు. పెట్టె వచ్చింది. స్తంభం ఎక్కి జాయింటు కొత్తగా వేశాడు. ధనరాజ్ ఎదురుగా కూర్చున్నంతసేపూ పెట్టె రాదు, అతను బండి స్టార్ట్ చేసి సందు మలుపు తిరిగాడో లేదో 'అయ్యో' అంటూ ఊడిపడుతుంది.

"లైను సుబ్బరంగా ఉన్నాది అన్నియ్యా. నా మాటిను. తప్పు ఆళ్ళ కాడే ఉన్నాది" అన్నాడు ధనరాజ్.

"దొంగమాటలు సెప్పకు. అక్కడ ఎర్రసుక్క ఎలిగి సస్తంటే లైను బాగున్నాదంతావేటి?" అని, ఎప్పుడూ నిలబడని బండి దగ్గరికే వచ్చి, నలుగురూ టిఫిన్ తింటుండగా నరసింగరావు గొంతెత్తాడు.

ధనరాజ్ మొహం మాడ్చుకుని, సగం తిన్న ఇడ్లీ ప్లేటు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. కుమారి ఆ ప్లేటు తీస్తూ భర్తకేసి ఒక్క చూపు చూసింది.

కంపెనీ వాళ్ళకీ చాట్‌లో రాశాడు. అవతలి మనిషి చాలా మర్యాదగా, 'చుక్క ఏ రంగులో ఉందో చెప్పగలరా?' అని అడిగాడు. నరసింగరావు పక్కగది వైపు ఒకసారి చూశాడు. చివరికి 'ఎరుపు' అని కొట్టాడు. 'అయితే మీ ఇంటి లైనే సార్, రూటర్ ఆపి మళ్ళీ వేయండి' అని జవాబొచ్చింది. అలా అడిగినవాడి మీద కంటే అలా చెప్పిన తన మీద అతనికి ఎక్కువ చీదర వేసింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం భువనేశ్వర్ నుంచి విశాఖ దాకా గుంపు ప్రయాణం పెట్టుకున్నారు. ఈ తీరం నీకే తెలుసు, ముందు నువ్వే నడువన్నారు స్టాఫ్ బస్సుని. నరసింగరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కుమారి తల్లి గున్నమ్మ అప్పుడు కోటబొమ్మాళి నుంచి వచ్చి ఉంది. అల్లుడు విమానం తోలుతాడంటే కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"మా ఊరు కనిపిస్తాదేటి బాబూ?"

"కనిపిస్తాదత్తా. స్టేషనూ కనిపిస్తాది, పట్టాలూ కనిపిస్తాయి. పలాస దాటనీ."

చిలికా సరస్సు వెనక్కిపోయింది. సోంపేట పోయింది. గున్నమ్మ కళ్ళజోడు చీరచెంగుతో తుడుచుకుని ముందుకి వంగింది. నరసింగరావు ఆమె కోసమే కాస్త కిందికి దించాడు. పొలాల మధ్య రైలుపట్టా దారంలా కనబడింది. "అదుగో అత్తా..." అంటుండగానే కోటబొమ్మాళి మీద పెట్టె పడింది.

"ఊరి మీద ఈ బల్లేటి బాబూ? తియ్యి, తియ్యి బేగి!"

'సరే' నొక్కాడు. మళ్ళీ వచ్చింది. నొక్కాడు. వచ్చింది. పెట్టె పూర్తిగా పోయేసరికి కింద వంశధార ఇసుక మెరుస్తోంది. గున్నమ్మ ఊరు వెనకెక్కడో ఉండిపోయింది. గుంపుకి ముందున్నవాడు వెనక్కి తిరగడానికి లేదు.

విశాఖలో దిగేవేళ మళ్ళీ అదే. కొండలు దాటి రన్‌వే గీత కనిపించిందో లేదో తెల్లగా పరుచుకుంది. చేతికర్ర వదిలి మౌసు అందుకునే లోపల విమానం ఓ పక్కకి ఒరిగి నేలని కొట్టుకుంది. పక్కన చాట్‌లో ఎవడో నవ్వుబొమ్మలు పెట్టి, 'బస్సు గోతిలో పడింది' అని రాశాడు.

నరసింగరావు చాట్ మూసేశాడు. పెట్టె ఇంకా 'అయ్యో' అంటూనే ఉంది.

గున్నమ్మ అల్లుడి ధ్యాస మళ్ళించాలని తెర మీదికి వేలు చూపించింది. "మరా మూలని పచ్చసుక్క ఆరతా ఎలగతా ఉన్నాదేటి బాబూ?"

"ఏ సుక్క?"

"అదే, ఆ సిలకపచ్చ సుక్క."

నరసింగరావు మెడ తిప్పి అత్త మొహంలోకి చూశాడు. ఆ వెంటనే, చాలా ఏళ్ళలో మొదటిసారిగా, ఆ మాట అడిగాడు. "కుమారీ, ఒకపాలి ఇలా రాయే. ఈ సుక్క ఏ రంగున్నాది?"

చేతులకి పిండితో గుమ్మంలోకొచ్చిన కుమారి అక్కడే ఆగిపోయింది. అడిగింది చుక్క గురించే అయినా, అడిగాడన్నదే ఆమెకి ముందు వినబడింది. దగ్గరికొచ్చి, వంగి చూసి, నెమ్మదిగా చెప్పింది. "ఆకుపచ్చ బావా. మంచి ఆకుపచ్చ."

"ఎప్పుడూ ఇదేనా?"

"నాను సూసినప్పుడల్లా ఇదే. నువ్వడగనేదని ఊరుకున్నాను."

అంటే లైను ఏనాడూ తెగలేదు. తప్పు వాళ్ళదని వాళ్ళ చుక్కకే తెలుసు. తెలిసి కూడా పైన అంతంత అక్షరాలతో 'మీ ఇంటర్నెట్ సరిచూసుకోండి' అని రాసుకున్నారు. నిజాన్ని మూలన ఆవగింజంత పెట్టి, అబద్ధాన్ని చాపంత పరిచారు. నరసింగరావు లేచి పెరట్లోకి పోయి ఉమ్మేసి, మొహం కడుక్కుని వచ్చాడు.

ఆ సాయంత్రమే ధనరాజ్ ఇంటికి వెళ్ళాడు.

"ఒరే ధనరాజూ, లైను తప్పు కాదురా. తప్పు నాది. నా కంటికి ఎరుపూ పచ్చా తెల్దు. నీకు సెప్పడానికి సిగ్గేసి ఎర్రసుక్కని అరిసినాను. నలుగురిలో దొంగన్నాను."

ధనరాజ్ నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ మాట అప్పుడే సెప్పుంటే నాను స్తంభం ఎక్కుదునా అన్నియ్యా? నడుం పట్టేసి వారం పడుకున్నాను." తర్వాత, "రా, లోపలికి. టీ తాగెల్దూ" అన్నాడు.

ఇంటికొచ్చి కంపెనీకి మళ్ళీ రాశాడు నరసింగరావు. ఈసారి దాచలేదు. తన కంటి సంగతి, చుక్క ఆకుపచ్చని ఇద్దరు చూసి చెప్పిన సంగతి, పెట్టె దిగేవేళకి అడ్డం రాకుండా ఓ మూలకి చేర్చమన్న సంగతి, అన్నీ వివరంగా రాశాడు. చుక్క పక్కన రంగు పేరు కూడా రాస్తే తనలాంటివాళ్ళకి మేలన్నాడు. జవాబు వెంటనే వచ్చింది. 'మీ అమూల్యమైన అభిప్రాయానికి కృతజ్ఞతలు. రూటర్ ఆపి మళ్ళీ వేయండి.'

రంగు అడిగినవాడు రంగు చెబితే వినడు. ఇక వాళ్ళతో మాట్లాడబుద్ధి కాలేదు అతనికి.

తర్వాత కొన్నాళ్ళకి ఆట కొత్తరూపు దిద్దుకుని వచ్చింది. గుంపులో అందరూ పెట్టె పీడ వదిలిందనుకున్నారు. వదల్లేదు, ముస్తాబైంది. చాపంత ఉన్నది తలుపంత అయింది. మధ్యలో కన్నీళ్ళు కారుస్తున్న ముద్దుల విమానం బొమ్మ, దాని కింద అదే 'అయ్యో'. చుక్కని తీసేశారు.  నిజం చెప్పేది అదొక్కటే, దాన్నే తీసిపారేశారు.

ఆ వారం గుంపు మళ్ళీ విశాఖలో దిగింది. రన్‌వే ముందు పెట్టె పడింది. ఈసారి అతను మౌసు ముట్టుకోలేదు. చేతికర్ర బిగించి పట్టుకున్నాడు. తలుపంత పెట్టెకి అడుగున మీటర్లు కొంచెం కనబడుతున్నాయి. ఎడమ అంచున కొండ ముక్క ఒకటి కనబడుతోంది. మంచుపొద్దుల్లో అద్దం మసకబారితే తెల్లగీత అంచు పట్టుకుని బస్సు నడిపినట్టే నడిపాడు. ఎత్తు తగ్గుతోంది. వేగం తగ్గుతోంది. ఏడుస్తున్న బొమ్మ అలాగే ఏడుస్తోంది. దాని వెనకాల, కనిపించని రన్‌వే మీద, చక్రాలు చప్పుడు చేసి ఆనుకున్నాయి. కుదుపు లేదు.

ఆ రోజు చాలామంది విమానాలు కూలాయి. చాట్ నిండా చప్పట్లు. 'ఎలా దింపావన్నా? మాకూ నేర్పు' అని కేరళ కుర్రాడు రాశాడు.

నరసింగరావుకి ఒక్క క్షణం గుండె పొంగింది. మరుక్షణమే ఆ పొంగు మీదే రోత పుట్టింది. నేర్పడానికి ఇదేం విద్య? ఎవడో కళ్ళకి గుడ్డ కడితే, విప్పమనడం మాని, గుడ్డతోనే నడవడం నేర్చుకున్నాడు తను. ఇంకో పది మందికి నేర్పితే, ఆ గుడ్డ కట్టినవాడికి విప్పాల్సిన అవసరమే రాదు.

'ఇది నేర్పను. నాకు అసహ్యం వేస్తోంది. ఉంటాను' అని రాసి గుంపులోంచి బయటికొచ్చేశాడు. ఆట తీసేశాడు.

కొన్నాళ్ళు కంప్యూటరు మీద కుమారి బట్టలు మడతపెట్టుకుంది. తర్వాత వెంకీ పాత డిస్కుల్లో నెట్ అక్కర్లేని విమానం ఆట ఒకటి దొరికింది. ముతక బొమ్మలు, గచ్చుముక్కల్లాంటి కొండలు. నరసింగరావు మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక కాసేపు అది తోలుతున్నాడు. మొన్న వచ్చిన గున్నమ్మ మళ్ళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా ఊరేదీ బాబూ?"

"ఇందులో నేదత్తా. శ్రీకాకుళమే నేదు."

"మరీ దేశం ఎవులిది?"

"ఎవులిదీ కాదు."

గున్నమ్మ ఇంకాసేపు చూసి, మనుషుల్లేని ఆకాశం తనకెందుకనుకుందేమో, లేచి చింతపండు పిక్కలు తీయడానికి వెళ్ళిపోయింది. నరసింగరావు పేరులేని సముద్రం మీదుగా పోతూ ఉన్నాడు. దారిలో ఏదీ అడ్డం రాలేదు. వంశధారా రాలేదు. నాగావళి వంపు ఇక్కడుండాలి కదా అని అలవాటుగా ఎడమకి ఒరిగించాడు. కింద నీళ్ళే ఉన్నాయి. "థూ, ఈ కంపెనీ నాయాళ్ళు" అని గొణుక్కుని, మళ్ళీ తిన్నగా పట్టుకున్నాడు.