గుమ్మడికాయ సాక్ష్యం

విఘ్నాలను తొలగించే గణపతికి, వాహనాలను కాచే కొండగట్టు అంజన్నకు వేర్వేరుగా మ్రొక్కి, ఈ ఫాల్గుణ శుద్ధ దశమి, గురువారం నాడు, ఒకప్పుడు నా రెండు చేతులతో నేను కొనితెచ్చుకున్న మహావిపత్తును పాఠకులకు నివేదిస్తున్నాను. నవ్వదలచినవారు ఇప్పుడే కుర్చీ సరిచేసుకొని కూర్చోవలెను.

కొన్నేండ్ల కిందట మా అల్లుడు కొత్త కారు కొన్నాడు. "మామయ్యా, నాకు సెలవు దొర్కుతలేదు. అంజన్న దగ్గర పూజ చేపియ్యుండ్రి. దీపావళి పోయినంక వచ్చి తీస్కపోత" అని దానిని కరీంనగర్‌లోని మా ఇంట విడిచి వెళ్ళాడు. అల్లుడి కారు మామగారి చేతిలో ఉన్నదంటే దేవుడి కిరీటం పూజారి ఇంట ఉన్నట్లే. పూజ శాస్త్రోక్తంగా జరిగింది. భార్యను పక్కన కూర్చోబెట్టుకొని నేను నెమ్మదిగా కొండ దిగుతుండగా ఒక కోతి బానెట్టు మీదికి దూకి దండలోని నిమ్మకాయలు పీకసాగింది. దానికి హితబోధ చేయబోయి మలుపును మరచాను. మైలురాయి నన్ను మరువలేదు; ఎదురేగి కౌగిలించుకుంది. బంపరు పగిలింది, ఒక లైటు రాలింది. మా దంపతులకు ఏమీ కాలేదు. కోతికి నిమ్మకాయలు మిగిలాయి.

"దిష్టి తగిలింది" అన్నది నా భార్య, ఇల్లు చేరగానే. "పూజ చేపిచ్చినంకనే తగిలిందంటే అదెంత దిష్టో సూడుండ్రి. ముందుగాల గుమ్మడికాయ కొట్టుండ్రి."

"ముందు బీమా కంపెనీకి ఫొటోలు పంపాలి."

"దిష్టి తియ్యకుంట ఫొటో తీస్తే, గా దిష్టి ఫొటోల గూడ పడ్తది."

నేను చదివిన తర్కశాస్త్రాన్ని అటకెక్కించాను. బూడిద గుమ్మడికాయకు కంత చేసి, కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, కారు ముందర బద్దలు కొట్టాను. ఎర్రని నీరు బంపరు నిండా చిమ్మింది. తుడిస్తే ఫలం పోతుందని ఆమె తుడవనివ్వలేదు. ఆ శోభతోనే ఫొటోలు వెళ్ళాయి.

జవాబు వచ్చింది: బంపరుపై రక్తం కనిపిస్తున్నది; మనిషికి తగిలిన సంగతి దాచినందున క్లెయిమ్ తిరస్కరించడమైనది.

చీమను చూస్తే దాటి నడిచే నేను నరహంతకుణ్ణయ్యాను. దీపావళి దగ్గరపడుతున్నది. అల్లుడికి చెప్పడానికి నోరు రాదు. సొంతంగా బాగు చేయించడానికి పింఛను చాలదు. కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు.

"గిది నెత్తురు గాదంటరా సార్?"

"కుంకుమ, నాయనా. గుమ్మడికాయలోది."

"కింద పగిలిన కాయ నీళ్ళు గింత ఎత్తుకు ఎగుర్తయా?"

"కొట్టేవాడి బలాన్నిబట్టి ఉంటుంది."

"మిమ్ముల సూస్తే గంత బలమున్నట్టు అనిపిస్తలేదు, ఏమనుకోకుండ్రి."

ఏమీ అనుకోలేదు. మరునాడు మరో గుమ్మడికాయతో వెళ్ళాను. ఆఫీసు ముందర నీడలో మేనేజరు సొంత కారు ఉన్నది. "దీని ఎదుటనే చూపిస్తాను" అన్నాను.

"జర దూరంకెల్లి కొట్టుండ్రి సార్."

పంచె ఎగగట్టి, కాయను తల మీదికి ఎత్తాను. కాయ బరువు, నా వయస్సు, నిన్నటి రోషం, మూడూ ఒక్కసారిగా ముందుకు తూలాయి. గుమ్మడికాయ నేలను తాకనే లేదు. తిన్నగా బానెట్టు మీద దిగింది. బానెట్టు అప్పాల మూకుడు వలె గుంటపడింది. అద్దం మీద నుంచి ఎర్రని ధారలు కారాయి.

మేనేజరు ఆ ధారను వేలితో అద్ది చూశాడు.

"నమ్మిన సార్" అన్నాడు.

నమ్మితే చాలదట, పై ఆఫీసు ఒప్పుకోవాలట. అతని కారుకూ బీమా ఆ కంపెనీదే. అతను పంపిన ఫొటోలకు పై ఆఫీసు నుంచి అదే జవాబు వచ్చింది: రక్తం కనిపిస్తున్నది, తిరస్కరించడమైనది. అప్పుడు ఆ పుణ్యాత్ముడు ఆఫీసువారందరి చేతా సాక్షి సంతకాలు పెట్టించి, అది గుమ్మడికాయ కుంకుమే తప్ప మనిషి రక్తం కాదని రాసి పంపాడు. తన బానెట్టు మీద కుంకుమ అయినది నా బంపరు మీద రక్తం ఎట్లా అవుతుంది?

ఫోన్ చేశాడు. "సార్, మీది గూడ పాసైంది. ఇంక ఆఫీసుకు రాకుండ్రి."

నాటి నుంచి, చక్రాలున్న వస్తువేదైనా కనుచూపు మేరలో ఉండగా గుమ్మడికాయను ముట్టనని, కూరకు తరిగేటప్పుడు సైతం వీధి తలుపు మూసి ఉంచుతానని సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేసి, నేటికీ పాటిస్తున్నాను.

ఆ యేటి కార్తీక శుద్ధ పంచమి నాడు కారు బాగై ఇంటికి వచ్చింది. సప్తమి నాడు అల్లుడు వచ్చి, బంపరు తళతళలాడుతున్నదని మెచ్చుకొని, తీసుకొని వెళ్ళాడు. వెళ్ళేముందు నా భార్య నిమ్మకాయతో దిష్టి తీసింది. కాయను నా చేతికి ఇవ్వలేదు.