బావ ఒప్పుకున్న అతుకు

బావ పోయాడని ఫోనొచ్చేసరికి నేను వన్ టౌన్‌లో మా షిప్పింగ్ ఆఫీసు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నాను. అవతల మా అప్ప, అంటే మా అక్క. "ఒచ్చీరా" అంది, అంతే. వారానికి మూడుసార్లు నేనే డయాలసిస్‌కి తీసుకెళ్ళే మనిషి గురించి ఇంకేం అడుగుతాను? టీ మాత్రం అడుగుదాకా తాగాను. ఎందుకు తాగానో తెలీదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆయన మా అప్ప మొగుడు. కూర్మన్నపాలెంలో కాపురం, స్టీలు ప్లాంటు పనుల్లో కాంట్రాక్టు వెల్డరు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని సెలవు రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళ గేట్లూ గ్రిల్లులూ అతికేవాడు. మంట పుట్టించే ముందు "కళ్ళూ!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి షెడ్డులో ఉన్నవాళ్ళే కాదు, వంటింట్లో అప్ప కూడా ఆ వెలుగు కళ్ళల్లో పడకుండా మొహం పక్కకి తిప్పుకునేది. పెళ్ళయిన కొత్తలో భయపడి తిప్పుకుంది, తర్వాత అలవాటైపోయింది.

నాకు వెల్డింగ్ నేర్పింది ఆయనే. ఆఫీసులో కాగితాలు మోసే వాడికి అదెందుకని ఎవరైనా అడిగితే, "సేతికి ఒక పనొస్తే మనిషి సుకంగా నిద్దరపోతాడ్రా" అనేవాడు. రాడ్లు మాత్రం ఊరికే ముట్టనిచ్చేవాడు కాదు. మన సముద్రపు గాలికి వెల్డింగ్ రాడ్లు చెమ్మ పట్టేస్తాయి. చెమ్మ రాడ్డుతో అతికితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపలంతా గుల్ల. అందుకని చెక్కపెట్టెలో బల్బు వెలిగించి, రాడ్లని అందులో వెచ్చగా పడుకోబెట్టేవాడు. కోడిపిల్లల్ని పెంచుతున్నావా బావా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

మూడేళ్ళ కిందట ఫోన్లో ఒక వీడియో చూపించాను. మూడు చక్రాల బండి, నేలకి జానెడెత్తులో సీటు. మలుపులో వెనక చక్రాలు రెండూ సర్రుమని పక్కకి జారిపోతాయి, తోలేవాడు నవ్వుతుంటాడు. డ్రిఫ్ట్ ట్రైక్ అంటారు బావా, మనం కడదామా అన్నాను.

"జారి పడిపోడానికి బండి కట్టుకోడం ఏట్రా, మతుండే మాటాడతన్నావా?" అన్నాడు. మర్నాటికి సుద్దముక్కతో షెడ్డు నేల మీద బొమ్మ గీసేసి ఉంచాడు.

ఒకటే షరతు పెట్టాడు. కొత్తది ఒక్కటీ కొనకూడదు. ముందు భాగం పాత ఇనుము కొట్లో దొరికిన సైకిల్‌ది. ఇంజను జాలరిపేటలో చేపలమ్మే ఒకావిడ మోపెడ్‌ది. గంపల్లోంచి కారిన ఉప్పునీళ్ళకి బండి ఒళ్ళంతా తుప్పు తినేసింది గానీ ఇంజను గుండ్రాయిలా ఉంది. మూడుసార్లు కిరసనాయిలుతో కడిగినా నీచు కంపు పోలేదు. "సేపల కూరొండుతున్నారా లోపల?" అని అప్ప ముక్కు మూసుకునేది. వెనక చక్రాలకి నీళ్ళ గొట్టం ముక్కలు కోసి తొడిగాం. ప్లాస్టిక్ కదా, రోడ్డు మీద పట్టుండదు, జారుతుంది. ఆ రెండు నెలలూ బావ మొహంలో ఉన్న వెలుగు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. డ్యూటీ నుంచి అన్నానికి కాదు, షెడ్డుకి వచ్చేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. ముందు అతుకు చోట చుక్కలు చుక్కలుగా అంటించి వదిలేస్తాడు. కొలతలన్నీ చూసుకున్నాక, తీరిగ్గా పూర్తి అతుకు వేస్తాడు. వేసిన దాని పక్కన సుద్దతో గీత పెడతాడు. గీత లేదంటే పని మిగిలుందని. రంగు అన్నిటికంటే ఆఖరున. "అతుకుని ముందు కళ్ళతో సూడనీ, రంగు ఎక్కడికీ పారిపోదు" అనేవాడు.

ఇంతలో ప్లాంటులో రిపేర్ల పని వచ్చిపడి ఆయనకి వరసగా డబుల్ డ్యూటీలు పడ్డాయి. ఆదివారం బండి తియ్యాలని నాకు ఒకటే తొందర. మిగిలింది ఒక్క అతుకు. హ్యాండిల్ మెడని బండి నడుం గొట్టానికి కలిపే చోటు, బండి మొత్తానికి ప్రాణం లాంటిది. నాకూ పని వచ్చని చూపించాలి కదా! పెట్టె తెరిచి చూస్తే వెచ్చటి రాడ్లు అయిపోయాయి. మూల విప్పి పడేసిన పాకెట్లో రాడ్లు తీసి అతికేశాను. చిటపటలాడుతూ వంకరటింకరగా వచ్చింది. గ్రైండరు పెట్టి నున్నగా అరగదీసి, ఎర్ర రంగు కొట్టేశాను.

శనివారం సాయంత్రం బావ వచ్చాడు. నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మెడ దగ్గర చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇక్కడ ఫుల్లు ఏసీసానా నాను?"

"ఏసీసావు కదా బావా, మొన్న. గీత కూడా ఉంది, రంగు కింద పోయింది."

"ఏటో, గేపకం నేదు" అని నవ్వి, స్నానానికి వెళ్ళిపోయాడు.

అదీ నేనాడిన అబద్ధం. ఎందుకాడానంటే, నున్నగా కనిపించింది కాబట్టి. రేపు బండి బాగా తిరిగాక, ఆ అతుకు నాదే బావా అని గొప్పగా చెబుదామని కూడా.

ఆదివారం పొద్దున్నే ఖాళీ ప్లాట్ల మధ్య వాలు రోడ్డుకి తీసుకెళ్ళాం. వీధిలో వాళ్ళు పదిమంది దాకా వచ్చారు. నేనెక్కబోతే బావ చొక్కా పట్టి లాగాడు. "అతికినోడే ముందెక్కాల. ఇరిగితే ఆడి నడుమే ఇరగాల" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా పక్కకి తప్పుకుని సీటు ఆయనకిచ్చేశాను.

మొదటి మలుపులో బండి అందంగా జారింది. బావ చిన్నపిల్లాడిలా కేక వేశాడు. రెండో మలుపులో మెడ విరిగి ముందు చక్రం ఒకవైపు పోయింది, మిగతా బండి ఆయన కుడికాలు మీద పడింది. తొడ ఎముక నుజ్జయింది.

మేం పరుగెత్తేసరికి ఆయన కాలు చూసుకోవడం లేదు, విరిగిన గొట్టం చూస్తున్నాడు. ఎవరి అతుకు వాళ్ళకి చేతిరాత లాంటిది. లోపల గుల్ల గుల్లగా ఉన్న ఆ చోటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఎవరో "అతుకు ఎవరు పెట్టారు?" అని అరిచారు.

"నాదే. తప్పు నాదే" అన్నాడు.

కాల్లో రాడ్డు వేశారు. ఎత్తులో పనికి మంచె ఎక్కలేని వెల్డరుతో ఏం పని? కాంట్రాక్టరు మళ్ళీ పిలవలేదు. నొప్పికి మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని, పప్పుల్లా మింగేవాడు. ఆ బిళ్ళలకే కిడ్నీలు పోయాయని తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆయన్ని ఆస్పత్రికి తిప్పింది నేనే. మంచి బామ్మర్దని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు కూడా నోరు మూసుకుని తీసుకున్నాను, సిగ్గులేని వెధవని.

ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి, డయాలసిస్ మిషను పక్కన పడుకుని, కళ్ళు మూసుకునే అన్నాడు: "ఆరబెట్టని రాడ్డు ఎప్పుడూ ముట్టుకోకురా." పనివాడికి పని చెప్పినట్టే చెప్పాడు. "అలాగే బావా" అన్నాను. క్షమించమని అడగడానికి ఆయన నాకు తెరిచిన తలుపు అదేనని ఇంటికొచ్చాక తెలిసింది. మర్నాడు అడుగుదామనుకున్నాను. అలాంటి మర్నాళ్ళు చాలా వచ్చాయి, పోయాయి.

శ్మశానంలో ఆయనతో పనిచేసిన వాళ్ళు కట్టెలు పేరుస్తూ, "ఎంత పనోడైనా ఏటి లాబం, తన బండికే సరింగా అతుక్కోనేపోయాడు" అనుకున్నారు. నేను విన్నాను. వాళ్ళకి ఇంకో కట్టె అందించాను.

పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక అప్ప గుమ్మంలో కూచుని ఆయన డ్యూటీ చొక్కాలు మడతపెడుతోంది, ఎవరికైనా ఇచ్చేద్దామని.

"అప్పా, ఆ అతుకు బావది కాదు. నాను పెట్టాను. ఆయనే పెట్టాడని అబద్ధమాడాను."

చేతులు ఆగిపోయాయి. చొక్కా ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఆయనకి తెల్సా?"

"తెల్సు. ఆ రోజే తెల్సు."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మూడేళ్ళు నాను తిట్టానురా" అంది. "మంచం మీంచి దించిన ప్రతిసారీ తిట్టాను. ఊరందరివీ అతుకుతావు, నీదొక్కటీ సరింగా అతుక్కోనేపోయావా, నా బతుకు ఇలా సేసీసావా అని. ఒక్కపాలైనా నాది కాదని నోరిప్పనేదు."

నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. మడతపెట్టిన చొక్కా ఒకటి మళ్ళీ విప్పి, రెండు చేతులతో మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఛాతీ మీదంతా నిప్పురవ్వలు కాల్చిన సన్నటి చిల్లులు. గుమ్మంలోని ఎండ వాటిలోంచి దూరి ఆమె చెంపల మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఆమె మొహం తిప్పుకోలేదు.