ఒక దెబ్బ తక్కువ

పదమూడేళ్లుగా ఫంక్షన్లలో డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తున్నాను. చికెన్ వాసన తగిలితే ఇప్పుడు ముక్కు మూసుకుంటాను. కంకిపాడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఏ కల్యాణమండపంలోనైనా మా ఆర్కెస్ట్రాకి స్టేజీ వేసేది వడ్డన పక్కనే. ఎవరో ఒక పెద్దమనిషి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి, అదే చేత్తో నా భుజం తట్టి, "తమ్ముడూ, మాస్ బీట్ వెయ్యి" అంటాడు. చొక్కా మీద అయిదు వేళ్లూ మసాలాతో అచ్చుపడతాయి. ఛీ అనిపిస్తుంది. అయినా నవ్వుతూ వేస్తాను.

ఆ బీట్ ఒకటే. ఎనిమిది దెబ్బలు, మళ్లీ ఎనిమిది. పక్కన కీబోర్డు మీద మా బావ, అంటే అక్క మొగుడు. బుగ్గలో వక్కపొడి, ఏ పాటకైనా ఒకటే మొహం. ఆయన్ని చూసినా నాకు రోతే. గుంటల్లో ఇడ్లీపిండి పోసినట్టు వాయిస్తాడని అక్కతోనే అన్నాను. అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

గవర్నర్‌పేటలో స్పీకర్లు బాగుచేసే దుకాణానికి వెళ్లినప్పుడు ఒక ఆల్బమ్ చెవిన పడింది. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, పాడే మనిషి లేడు, డ్రమ్ము ఎక్కడ పడుతుందో అంతుపట్టడం లేదు.

"ఇదేంటండీ, ఫైలు పాడైపోయిందా?" అన్నాను.

"కాదండీ, మ్యాథ్ రాక్ అంటారంట, దెబ్బల లెక్క మారుస్తూ పోయే మ్యూజిక్కంట. ఎవరో కస్టమరు స్పీకర్ టెస్ట్ చెయ్యమని ఇచ్చారు. పొద్దున్నుంచి బుర్ర తినేస్తోంది" అన్నాడు షాపాయన.

నాకూ చిరాకేసింది. చెయ్యి మాత్రం కౌంటరు మీద లెక్కపెడుతూనే ఉంది. ఏడు. మళ్లీ ఏడు. తర్వాత అయిదు. ఎనిమిదో దెబ్బకి లేచిన వేలు గాల్లోనే ఉండిపోయింది, పాట అప్పటికే ముందుకెళ్లిపోయింది. ఆల్బమ్ పేరు రాసుకుని బయటికొచ్చాను.

పదిహేను రోజులు అదే విన్నాను. సిటీ బస్సులో, బాత్‌రూంలో, కంచం ముందు. దాన్ని ప్రేమే అనాలి, నా దగ్గర వేరే మాట లేదు. అందులో మూడో పాట వేళ్ల మీదికి రావడానికే వారం పట్టింది. ఆ ప్రేమ పెరిగేకొద్దీ మిగతావన్నీ కంపు కొట్టసాగాయి. ఆటోల్లో పాటలు, నా ప్యాడ్స్, అన్నిటికంటే ముందు మా బావ. ఇక ఆర్కెస్ట్రా మానేద్దామని నిర్ణయించుకున్నాను. హనుమాన్ జంక్షన్‌లో ఓణీల ఫంక్షనే ఆఖరు, అది అయిపోగానే బావకి చెప్పేయాలి.

వెళ్లేముందు వాళ్లందరి మొహాన కొట్టినట్టు ఏదైనా చేయాలనిపించింది. మధ్యాహ్నం, భోజనాలు నడుస్తున్నాయి. ఒకళ్ల మీద ఒకళ్లు నురగ స్ప్రే చేసుకుంటూ జనం ఎగురుతున్నారు. రెండో పాటలో, పాడేవాళ్లు ఆగి మ్యూజిక్ మాత్రమే నడిచే చోట, ఎనిమిదో దెబ్బ ఎగరగొట్టేశాను. ఏడుకే తిప్పాను. మళ్లీ ఏడుకే, అలా నాలుగుసార్లు. కాళ్లు తడబడతాయని, ఎవడో ఒకడు ఆగి నావైపు చూస్తాడని ఎదురుచూశాను. ఒక్కడూ ఆగలేదు. ఒకావిడ చేతిలో చికెన్ ముక్కతోనే గిర్రున తిరుగుతూ హాయిగా ఎగిరింది. థూ, వీళ్లకి చెవులే లేవనుకున్నాను.

వైర్లు చుడుతుంటే బావే దగ్గరికొచ్చాడు.

"ఏరా, ఒంట్లో బాలేదా? రెండో పాటలో దెబ్బ మింగేశావ్."

"మింగలేదు బావా, కావాలనే."

"సర్లే. నువ్వు ఒక దెబ్బ ముందే తిప్పేస్తున్నావని నేనూ చివర ఒక స్వరం తీసేసి నీతోపాటే తిప్పా. నాలుగుసార్లు. ఎవరికీ తెలీలేదులే."

ప్యాడ్సూ కీబోర్డూ ఒకేచోట తిరిగితే కింద ఎగిరేవాళ్లకి తేడా ఎక్కడ తెలుస్తుంది? లెక్కపెట్టకుండా, నావైపు చూడకుండా, నాకు వారం పట్టిన పని ఆ మనిషి అప్పటికప్పుడు చేసేశాడు.

"ఇదేమన్నా కొత్తా? ప్యాడ్స్ పట్టిన కొత్తలో పాటకి మూడుసార్లు మింగేవోడివి. నాకు అలవాటే" అని కీబోర్డు చంకన పెట్టుకుని వ్యాను వైపు నడిచాడు.

మానేస్తానని ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది. ఆ ఆల్బమ్ మాత్రం రోజూ వింటాను. వ్యానులో పక్కన కూర్చున్న బావ ఏం వింటున్నావురా అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. వినిపిస్తే పది నిమిషాల్లో వాయించేస్తాడని నా భయం.